గుర్తు చెట్టుకు అవతలి పల్లం

ఓగ్రు అత్త చలికి భయపడటం నేనెప్పుడూ చూడలేదు. ఉమ్మి నేలను తాకేలోపే గడ్డకట్టే రోజుల్లో కూడా తెల్లారగానే స్కీలు తొడుక్కుని అడవికి వెళ్ళిపోయేది. ఆమె భయమంతా వానకే.

"చలిదేముందే, చెప్పి వస్తుంది. ఉన్నన్నాళ్ళు ఉండి పోతుంది. జనవరిలో వాన పడిందనుకో, అదీ చావంటే," అనేది.

ఆమె మా నాన్నకు అక్క. అమ్మ పోయినప్పుడు నేను జిల్లా ఊళ్ళో హాస్టల్లో ఎనిమిదో తరగతి చదువుతున్నాను. అది మధ్యలోనే ఆగిపోయింది. నాన్న నది ఎగువన కలప కొట్టే క్యాంపులో ఉండేవాడు, కాబట్టి అత్త ఇంటికి వచ్చాను. అప్పటికే ఆమె భర్త మికోల్ మామ పోయి ఆరేళ్ళు. నది మీద మంచు పలచబడిన చోట స్కీలతో సహా మునిగిపోయాడు. ఆయన వెనక మిగిలింది ఒక ఆవు, ఒక ఇల్లు, ఒక దారి.

దారి అంటే మా వేజ్‌దిన్ ఊళ్ళో వేటదారే. వెనకున్న స్ప్రూస్ చెట్ల అడవిలో ఒక్కో ఇంటికి ఒక్కో దారి ఉంటుంది. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. దారి పొడుగునా చెట్ల మీద ఆ ఇంటి గుర్తు గొడ్డలితో చెక్కి ఉంటుంది. మికోల్ మామ వాళ్ళది కాకికాలు. ఆ గుర్తున్నంత మేరా ఉచ్చులు వాళ్ళవి, ఉచ్చులో పడిన పిట్ట వాళ్ళది. పరాయి ఉచ్చులో పిట్ట పడి కనిపిస్తే, ఎలకలు కొరక్కుండా దాన్ని కొమ్మకు వేలాడదీసి వచ్చేయాలి. అంతకుమించి ముట్టుకోకూడదు. మా ఊళ్ళో ఇళ్ళకు తాళాలుండవు. తలుపుకు అడ్డంగా చీపురు ఆనించి ఉంటే ఇంట్లో ఎవరూ లేరని అర్థం. ఎంత తాగినవాడైనా ఆ చీపురు దాటి లోపలికి పోడు.

మగదిక్కు లేని దారి మామూలుగా దాయాదులకు పోతుంది. మికోల్ మామకు దగ్గరి దాయాదులెవరూ లేరు. అత్తే ఆయన స్కీలకు కొత్త తోలు కుట్టుకుని బయల్దేరింది. కొట్టు ముందు కూచునే ఇల్లార్ తాత మొదటిరోజే అందుకున్నాడట.

"ఏం ఓగ్రూ, గడ్డమెప్పుడు పెంచుతున్నావ్?"

"నీదెలాగూ పనికిరావట్లేదుగా తాతా, అదివ్వు, పెట్టుకుంటా."

అలా నవ్వించి నెగ్గుకొచ్చింది. ఆమె చేతిలో ఒక కొసన చెక్క పార, ఇంకో కొసన ఇనుప మొన ఉన్న పొడుగాటి కర్ర ఉండేది. దాంతోనే మంచు తీసి ఉచ్చులు పెట్టేది, దాంతోనే మంచు లోతు చూసేది. నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేటప్పుడు ఉన్నట్టుండి ఆగి, ఏమీ లేని తెల్లటి చోటును చుట్టి దూరంగా పోయేది. మొదట్లో నాకు అర్థమయ్యేది కాదు.

అక్కడ మంచుకోళ్ళు పడుకుని ఉండేవి. పావురం కంటే కాస్త పెద్దవి, బూడిదరంగు పిట్టలు. పొద్దు వాలగానే చెట్టు మీంచి రాయి పడ్డట్టు మంచులోకి దూకుతాయి. లోపలే రెండు మూరల సొరంగం చేసుకుని ముడుచుకుంటాయి. పైన ఎంత చలి ఉన్నా లోపల వెచ్చన. తెల్లారాక నెత్తితో కప్పు పగలగొట్టుకుని బుర్రున లేచిపోతాయి.

"స్కీ నొక్కిన మంచు గట్టిపడి చెక్కయిపోతుంది. దాని ఇంటి కప్పు మీద నువ్వు నడుస్తావా?" అనేది అత్త. వాటినే పట్టి తినేవాళ్ళం, నిజమే. ఉచ్చులో పడటం వేరు, నిద్రలో చావడం వేరు అని ఆమె లెక్క.

పొరుగు దారి, అత్త పిలుపు విని నేనూ సెమో బావ అనే ఆయనది. మికోల్ మామకు దూరపు వరసలో పెదనాన్న కొడుకు, కానీ రెండిళ్ళ మధ్య ఎప్పుడూ అంతంత మాత్రమే. ఆయన గుర్తు మూడు గాట్లు. రెండు దారులూ ఒక వాగు దగ్గర కలుస్తాయి. అక్కడున్న ముసలి స్ప్రూస్‌కు ఇటువైపు కాకికాలు, అటువైపు మూడు గాట్లు.

నేను వచ్చిన శీతకాలంలోనే ఆ మాట పుట్టింది. సెమో బావ కొట్టు దగ్గర పదిమంది ముందు నిలబడి అడిగాడు.

"నా ఉచ్చు దగ్గర ఈకలున్నాయి. పిట్ట లేదు, ఉచ్చు కూడా లేదు. నీ స్కీ జాడుంది. ఏం సంగతి ఓగ్రూ?"

"పిట్ట పడుంది బావా. కొమ్మకు వేలాడదీసి వచ్చాను. తర్వాత ఏమైందో నాకేం తెలుసు?"

"వేలాడదీసిన పిట్ట ఎగిరిపోయిందన్నమాట."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఆ దారిలో మగాడు నడిచినన్నాళ్ళు మా వైపు ఒక్క ఈక పోలేదు," అన్నాడు.

అత్త చాయ్ పొట్లం బల్ల మీదే వదిలేసి వచ్చింది. మర్నాడు నన్ను తీసుకుని గుర్తు చెట్టు దాకా వెళ్ళింది. చేతి తొడుగు తీసి, ఆ చలిలో ఉత్త అరచెయ్యి కాకికాలి మీద పెట్టింది. "ఈ చెట్టు దాటి నా స్కీ మొన కూడా పోదు. పోతే ఆయన్ని తీసుకున్న నది నన్నూ తీసుకోనీ," అంది. చెయ్యి తీసినప్పుడు చర్మం కాస్త బెరడుకు అంటుకుపోయింది.

ఆ తర్వాత ఆమె కొట్టుకు పోవడం మానేసి నన్ను పంపడం మొదలుపెట్టింది. తిరిగొచ్చాక ఒకే ప్రశ్న. "ఏమన్నా అన్నారా?" ఎవరూ ఏమీ అనలేదంటే నమ్మేది కాదు. "నీ ముందు అంటారేమిటి?" అనేది. పెళ్ళిళ్ళకు పోలేదు. నవ్వించడం కూడా పోయింది. ఊళ్ళో ప్రతి కిటికీ వెనకా ఎవరో ఆ పిట్ట గురించే మాట్లాడుకుంటున్నారని ఆమెకు గట్టి నమ్మకం. మూడేళ్ళు అలా గడిచాయి.

గుర్తు చెట్టుకు అవతల ఒక పల్లం ఉంది. నిండా భూర్జ చెట్లు. గాలి తగలక అక్కడ మంచు నడుంలోతు, పిండిలా పడుతుంది. నడి శీతకాలంలో రెండు దారుల మంచుకోళ్ళూ పగలు భూర్జ మొగ్గలు తిని, పొద్దువాలితే అక్కడే మంచులోకి దూకేవి. మా వైపున పదో పదిహేనో ఉంటే అక్కడ యాభై అరవై ఉండేవి. పిట్టలకు గాట్లతో ఏం పని?

ఆ ఏడు జనవరి మొదట్లో సెమో బావ గడ్డికొట్టం మీద మంచు తీస్తూ జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. హెలికాప్టర్‌లో జిల్లా ఆస్పత్రికి తీసుకుపోయారు. వారం తిరక్కుండానే గాలి దక్షిణానికి తిరిగింది. చూరు నుంచి నీటిబొట్టు పడిన చప్పుడుకి అత్త అట్లకాడ పట్టుకునే బయటికి పరుగెత్తింది. ఒక పగలూ ఒక రాత్రీ వాన ఆగలేదు. మర్నాడు పొద్దువాలాక ఆకాశం విడిచి ఉత్తరపు గాలి కొట్టింది. అర్ధరాత్రికి మైనస్ ముప్పై.

తెల్లారి చూస్తే అడవి మొత్తం గాజు. ప్రతి కొమ్మ మీద, బెరడులో ప్రతి చీలిక మీద వేలెడు మందాన మంచుగాజు. చిన్నపిట్టలు శీతకాలమంతా బెరడు సందుల్లోని పురుగుల గుడ్లు, సాలీళ్ళు ఏరుకుని బతుకుతాయి. ఆ ఉదయం అవి కొమ్మకొమ్మనా వేలాడుతూ గాజును పొడుస్తున్నాయి. గోటితో కిటికీ తట్టినట్టు అన్నివైపుల నుంచీ అదే చప్పుడు. మా గుమ్మంలో మూడు అప్పటికే బంతుల్లా ఉబ్బి పడున్నాయి.

"చెట్ల మీద పిట్టలకు మనమేం చెయ్యలేం. కిందవాటి సంగతి చూద్దాం పద. గొడ్డలి తీసుకో," అంది అత్త.

పైపొర ఎంత గట్టిగా ఉందంటే, స్కీలు దిగబడకుండా గరగరమంటూ జారిపోయాయి. తొమ్మిది కిలోమీటర్లు వెళ్ళాం. పిట్టలు పడుకునే ప్రతి చోటా ఆమె కర్ర ఇనుప మొనతో పొడిచేది, నేను గొడ్డలి వెనకవైపుతో కొట్టి పెచ్చులు ఎత్తేదాన్ని. కొన్ని పెచ్చుల కింద నుంచి పిట్ట ముఖానికి తగిలేంత దగ్గరగా లేచిపోయేది. కొన్నిటి కింద కదలనిది ఉండేది, నెత్తి మీద ఈకలూడి, కప్పు మీద నెత్తురు మరకలు. మా వైపు మొత్తం పదకొండు బతికాయి, నాలుగు చచ్చాయి.

గుర్తు చెట్టు దగ్గరికి వచ్చేసరికి సూర్యుడు అడవి అంచు మీదున్నాడు. అవతల పల్లం తోమిన పళ్ళెంలా మెరుస్తోంది. ఎక్కడా ఒక్క కన్నం లేదు. పొద్దున్నే పైకి రావలసిన పిట్టల్లో ఒక్కటీ రాలేదన్నమాట. ఊపిరి బిగబట్టి నిలబడితే మంచు కింద నుంచి తడుతున్న చప్పుడు వినపడింది. గుండె కొట్టుకున్నంత మెల్లగా, ఒక చోట కాదు, చాలా చోట్ల.

"అత్తా, వింటున్నావా?"

"నాకేం చెవుడు లేదు."

"వెళ్దాం అత్తా. సెమో బావ ఆస్పత్రిలో ఉన్నాడు. ఎవరు చూస్తారు?"

"ఆయన లేడనే పోకూడదు. ఉన్నప్పుడే దొంగన్నవాడు, లేనప్పుడు అడుగుపెడితే ఏమంటాడే? ఇంత గట్టి మంచు పగలగొడితే ఆ గుంటలు ఏప్రిల్ దాకా అలాగే కనబడతాయి. 'అప్పుడొకటి, ఇప్పుడు యాభై' అంటారు. చచ్చేదాకా అంటారు."

"చచ్చిపోతాయి అత్తా."

"తెలుసు."

కర్రను రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడింది. ఆమె స్కీ మొనలు చెట్టు వేరుకు జానెడు ఇవతల ఉన్నాయి. నేను ఏ ఒట్టూ పెట్టలేదు. నా మీద ఎవరూ ఏ నిందా వెయ్యలేదు. నా చేతిలో గొడ్డలుంది. 'నేను పోతా' అన్న మాట గొంతు దాకా వచ్చింది. హాస్టల్లో టీచర్ పేరు పెట్టి పిలిచినప్పుడు జవాబు ఎక్కడ ఆగేదో సరిగ్గా అక్కడే ఆగింది. నేను నా స్కీల వంక చూస్తూ ఉండిపోయాను.

"రేపటికల్లా మాట తెస్తాను. ఒక్కరోజు ఓర్చుకుంటాయి," అంది అత్త చివరికి, నాతో కాదు, పల్లంతో.

మూడేళ్ళలో మొదటిసారి ఆమె సెమో బావ గుమ్మం తొక్కింది. ఆయన భార్య ఒకూల్ పొయ్యి దగ్గర పిండి పిసుకుతోంది.

"ఒకూల్ అక్కా, నీ వైపు పల్లంలో పిట్టలు మంచు కింద బిగుసుకుపోయాయి. పొమ్మని ఒక్క మాట అను. కావాలంటే నువ్వూ రా, నా పక్కనే నిలబడి చూడు."

"దారి ఆయనది ఓగ్రూ. ఆడదాని మాట దారి మీద చెల్లుతుందా? నేను సరే అన్నానని తెలిస్తే ఊరుకుంటాడా?"

"అయితే నీ అల్లుణ్ణి పంపు."

అల్లుడు పొయ్యిని ఆనుకున్న వెచ్చటి అరుగు మీద పడుకుని ఉన్నాడు. తల కూడా ఎత్తలేదు. "మామ చెప్పందే ఆయన గుర్తు నేను దాటను. అయినా ఈ చలిలో పిట్టల కోసమా? నీకింకేం పని లేదా అత్తా?"

ఆ రెండు మాటల్లో మొదటిది సబబైన మాటే. అందుకే అత్త ఆ మాట సెమో బావ నోటనే తేవాలని ఫోనుకు బయల్దేరింది.

ఊరికంతా ఒకటే ఫోన్, పోస్టాఫీసులో. మంచు బరువుకి తీగలు తెగి నేలమీదున్నాయి. అత్త మర్నాడంతా అక్కడి బల్ల మీదే కూచుంది, ఆ మర్నాడూ కూచుంది. నాలుగో రోజు పొద్దున లైను కలిసింది. ఆస్పత్రిలో సెమో బావను ఫోను దగ్గరికి మోసుకొచ్చేసరికి అరగంట పట్టింది. ఆయన గొంతు మేమంతా వినేంత గట్టిగా వచ్చింది.

"ఇదేం అడిగే మాటా? పో! ఇంకా నిలబడి అడుగుతున్నావేం?"

వెళ్ళాం. ఆ రోజు పల్లంలో ఏ చప్పుడూ లేదు. వెలుతురున్నంతసేపూ పగలగొట్టాం, మర్నాడూ పగలగొట్టాం. యాభై ఏడు. ఒక్కటి కూడా బతికి లేదు. కొన్ని సొరంగాలు మామూలు కంటే మూరన్నర ఎక్కువ పొడుగున్నాయి, మెత్తని చోటు కోసం పిట్టలు పక్కకు తవ్వుకుంటూ పోయాయి.

నేను సంచి విప్పాను. "మూసెయ్యి," అంది అత్త. "మనవి కావు." ఒక్కో పిట్ట కాళ్ళకు దారం కట్టి భూర్జ కొమ్మలకు వేలాడదీయడం మొదలుపెట్టింది. నేనూ కట్టాను. పని పూర్తయ్యేసరికి పల్లం నిండా అవి గాలికి మెల్లగా తిరుగుతున్నాయి. ఒకూల్ అల్లుడు తర్వాత మంచు మీద లాగే స్లెడ్జి బండి తీసుకుపోయి దించుకొచ్చాడని విన్నాం. ఓగ్రు ఎంత నిఖార్సయిన మనిషో అని పోస్టాఫీసు ఆవిడ నాతో అంది. ఇంటికొచ్చి ఆ మాట చెప్పలేకపోయాను.

మేలో స్ప్రూస్‌ల మొదళ్ళలో చీమలపుట్టలు చూశాం. ఏటా మొదటి ఎండకి పుట్ట మీదంతా నల్లగా చీమలు పాకేవి. ఆ వాన నీళ్ళు లోపలిదాకా ఇంకి గడ్డకట్టినట్టుంది. చెయ్యి పెట్టి కెలికితే చచ్చిన చీమలు ఎండుటాకుల్లో ఆవాలు కలిసినట్టు రాలాయి. మేం బతికించిన పదకొండులో ఒక తల్లి జూన్‌లో కనబడింది, వెనక ఒకటే పిల్ల. పుట్టిన పక్షం రోజుల దాకా పిల్లలకు చీమలూ నేలమీది పురుగులూ మాత్రమే తిండి.

చెట్ల మీద మాత్రం పురుగుకు కొదవ లేదు. గాజు కింద గుడ్లన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి, తినే నోళ్ళే పోయాయి. భూర్జ చెట్లు ఆకు తొడిగిన రెండు వారాలకే ఆకుపచ్చ గొంగళిపురుగులు కమ్మాయి. పల్లం అంచున నిలబడితే సన్నవాన పడుతున్నట్టు వినిపించేది. పైకి చూస్తే ఆకాశం నిర్మలంగా ఉండేది. అది వేలకొద్దీ గొంగళిపురుగుల పెంటికలు కింద ఆకుల మీద రాలుతున్న చప్పుడు. జూన్ చివరికి అక్కడ చెట్లు నవంబరులోలాగా మోడై నిలబడ్డాయి.

మంచు కరిగి నది తెరుచుకున్నాక వచ్చిన పడవలో సెమో బావ ఇల్లు చేరాడు. నడక కుదురుకున్నాక ఒక మధ్యాహ్నం చంకకర్రలతో మా మెట్ల దాకా వచ్చాడు. అత్త వల బాగుచేస్తోంది. కూచోమనలేదు. ఆయనే కూచున్నాడు.

"యాభై ఏడు వేలాడదీశావట."

"లెక్క సరిపోయిందా?"

"అలా అనకు ఓగ్రూ."

"ఒకటి తగ్గినప్పుడు అడిగావుగా బావా. అందుకని ముందే అడుగుతున్నా."

ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని దాన్నే చూశాడు. "ఆ ఒక్కటి... వాగు పక్క ఎండుచెట్టు కొట్టాను. తొర్రలో గుడ్లగూబ గూడుంది. అందులో నా ఉచ్చు దొరికింది. మా తెల్లగుర్రం తోకవెంట్రుకలతో నేను పేనిందే. పిట్ట కాలెముక ఇంకా దాన్లోనే ఉంది. ఉచ్చుతోనే కాలికి కట్టి నువ్వు వేలాడదీసినట్టే ఉంది."

అత్త చేతిలో వల ఆగింది. "ఎప్పుడు?"

"రెండేళ్ళయింది."

"రెండేళ్ళు."

"చెబుదామనే అనుకున్నా. నువ్వు అటు రావడం మానేశావు. కొట్టుకీ రావు. పనిగట్టుకుని ఇంటికొచ్చి ఏమని చెప్పను? ఇవాళ రేపంటూ..." ఆయన గొంతు తగ్గింది. "నాకు తెలిస్తే కదా, నువ్వు ఇంకా అదే పట్టుకుని... ఆ పల్లం నువ్వే తీసుకో. నా కాలు ఇంక అంత దూరం రాదు. గుర్తు మార్చుకో."

"ఏముందక్కడ, తీసుకోడానికి?"

ఆయన టోపీ తలకు పెట్టుకుని చంకకర్రలు అందుకున్నాడు.

"నలుగుర్లో అన్నావు బావా," అంది అత్త. "నలుగుర్లో చెప్పు. ఇంకేం వద్దు నాకు."

పడవలో రొట్టెలు మంగళవారం వస్తాయి, ఆ రోజు కొట్టులో ఊరంతా ఉంటుంది. అత్త పెళ్ళికి కట్టుకునే తలగుడ్డ కట్టుకుంది. మూడున్నరేళ్ళ తర్వాత ఆ గడప దాటింది. నేను వెనక నడిచాను. సెమో బావ అప్పటికే బల్లకు ఆనుకుని నిలబడున్నాడు. ఆయన మాట తప్పలేదు. గుడ్లగూబ, తొర్ర, ఉచ్చు, అన్నీ చెప్పాడు. "ఓగ్రు నా పిట్ట ముట్టలేదు. తప్పు నాది," అన్నాడు, అందరికీ వినబడేలాగే.

కొట్టు నడిపే మార్పా తూకం ఆపి చూసింది. "ఏ పిట్ట?"

"నేను కొట్టు ముందు అన్నానుగా. ఉచ్చులో పిట్ట పోయిందని."

"ఓ, అదా! అదెప్పటి సంగతి సెమో? ఇంకా పట్టుకుని కూచున్నారా ఇద్దరూ?"

ఇల్లార్ తాత మూల నుంచి నవ్వాడు. "మీ ఇద్దరి గొడవ గడ్డి కోతదని అనుకుంటున్నా ఇన్నాళ్ళూ. పిట్ట గురించా?"

నవ్వు క్యూ పొడుగునా పాకింది. మంచి నవ్వే, ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. అత్త ఒక్కొక్కరి ముఖం చూసింది. ఎవరి ముఖంలోనైనా ఏదైనా దాగుందేమోనని వెతికింది. ఏమీ లేదు.

"మర్చిపోయారా?" అంది.

"ఆ వారమే మర్చిపోయాం తల్లీ," అంది మార్పా. "ఎవరి బతుకులు వాళ్ళకి లేవూ?"

"ఆ మాట నాకెవరైనా చెప్పాల్సింది," అంది అత్త.

మార్పా మళ్ళీ తూకంలో రాయి వేసింది. మా వెనకున్నావిడ రెండు రొట్టెలు అడిగింది.